ఆడేవాళ్లని అడిగి ఆడించండి

గరికపాడు, కృష్ణా జిల్లా. 2021 ఆగస్టు 29.

ఇవాళ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. దండలు వేస్తారు, ఫొటోలు దిగుతారు. ఇవాళే ముంబైలో ప్రో కబడ్డీ వేలం కూడా మొదలవుతోంది. మేం మాత్రం గరికపాడులో కూర్చుని ఈ ప్రణాళిక రాసుకున్నాం. జగ్గయ్యపేట, నందిగామ, కోదాడ కాలేజీల్లో చదువుకుంటూ కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్లం, పరుగు పందేలకు వెళ్లేవాళ్లం. సంఘానికి పేరు పెట్టలేదు. పేరు మీద వాదన తెగలేదు, తెగేదాకా ఆగే ఓపికా లేదు.

మా మాట ఒక్కటే. ఆట మొదలుపెట్టండి. ఎప్పుడు, ఎలా అన్నది మాత్రం ఆడేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చండి. కోవిడ్ వచ్చి గ్రౌండు గేటుకి తాళం వేసిననాడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. తీసేనాడూ అడిగేట్టు లేరు.

గరికపాడులోనే ఎందుకంటే, అడక్కుండా చేసే నిర్ణయాలు కింద ఎలా దిగుతాయో ఈ ఊరు చూసింది. 65వ నంబరు జాతీయ రహదారి మీద, పాలేరు వంతెన దగ్గర్లో ఉంటుంది మా రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు. 2020 మార్చి చివరి వారంలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేసి ఇళ్లకి బయల్దేరిన పిల్లలు ఇక్కడే ఆగిపోయారు. అక్కడి పోలీసులు పాసులిచ్చి పంపారు, ఇక్కడ వాటితో లోపలికి రానివ్వలేదు. వాళ్ల సంగతి పెద్దలు ఫోన్లలో మాట్లాడుకుంటుంటే వాళ్లు బ్యాగుల మీద కూర్చుని ఎదురు చూశారు. ఏడాది తిరిగాక, ఈ మే నెలలో, అవతల రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర మన అంబులెన్సులు ఆగాయి. తెలంగాణ హైకోర్టు కలగజేసుకుంటే గానీ దారి దొరకలేదు. మా జట్టులో కోదాడ కుర్రాళ్లు ఉన్నారు. ప్రాక్టీసుకి రావాలంటే రాష్ట్రం దాటాలని వాళ్లకి అప్పుడే గుర్తొచ్చింది.

ఇక ఆట సంగతి. మాలో ఎక్కువమంది కబడ్డీ వాళ్లం కాబట్టి దాచకుండా చెబుతాం. ఊపిరి ద్వారా పాకే జబ్బుకి మా ఆటకంటే అనుకూలమైనది లేదు. కూతకెళ్లినవాడు ముప్పై సెకన్లు ఆపకుండా కూత పెడుతూ ఉండాలి. ఎదురుగా ఏడుగురు. పట్టు దొరికితే నలుగురు మీద పడతారు, ఒకరి చెమట ఒకరి నోట్లోకి పోతుంది. మాస్కు కట్టుకుని కూత పెట్టమని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. ఆయన ఎప్పుడూ గీత దాటి ఉండరు. అందుకే వైరస్ ఏం లేదు, అంతా భయమే అనేవాళ్లతో మేం చేరం. రెండో వేవ్‌లో మా ఇళ్లలోనూ మనుషులు పోయారు.

కానీ ఆట నిజంగా ఆగిందా? 2020 మే 18 నుంచే ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరవొచ్చని కేంద్ర హోం శాఖ చెప్పింది. ఐపీఎల్‌ని ఎడారి దేశానికి తీసుకెళ్లి ఆడించారు. ఈ మే 4న మధ్యలో ఆపిన సీజను కూడా సెప్టెంబరు 19 నుంచి మళ్లీ అక్కడే ఆడిస్తారట. టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి, సింధు కాంస్యం తెచ్చింది, మేమంతా టీవీల ముందు గంతులేశాం. సంక్రాంతికి మన జిల్లాలో కోడిపందేల బరులు మామూలుగానే లేచాయి. అంటే డబ్బున్న ఆట ఆగలేదు, పందెమున్న ఆట ఆగలేదు. కాలేజీ పిల్లల ఆట ఆగింది.

ఆగితే ఏం పోయిందనేవాళ్లకి జ్యోతి యర్రాజీ సంగతి చెప్పాలి. విశాఖ అమ్మాయి, నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020 జనవరిలో మూడబిద్రి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. డోప్ పరీక్ష జరగలేదు కాబట్టి దాన్ని రికార్డుగా రాసుకోలేదు, అయినా దేశం ఆమెను చూసింది. మాలాంటివాళ్లు పైవాళ్ల కంట్లో పడే చోటు అలాంటి మీట్ ఒక్కటే. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ భువనేశ్వర్‌లో 2020 మార్చి 1న ముగిశాయి, రెండోసారి ఇంకా జరగలేదు.

2019లో డిగ్రీలో చేరినవాడికి ఈ ఏడాదితో చదువు అయిపోతుంది. మూడేళ్లలో ఆడింది ఒక్క సీజను. పీజీలో చేరి ఆడదామంటే ఇరవై ఐదేళ్ల వయసు గీత ఉంది. సర్టిఫికెట్ లేకపోతే స్పోర్ట్స్ కోటా లేదు, పోలీసు ఉద్యోగంలో, రైల్వేలో ఆ కోటాయే మా ఆశ. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. గ్రౌండు మూసిన ఏడాదిన్నరలో ఇంట్లో ఉన్న పిల్లకి సంబంధాలు వచ్చాయి. మా అమ్మాయిల జట్టులో మిగిలినవాళ్లతో ఇప్పుడు ఏడుగురిని నిలబెట్టడమే కష్టంగా ఉంది.

అందుకే మొదటి డిమాండు పోయిన ఏడాది తిరిగివ్వమని. అమెరికాలో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ, వసంతకాలం ఆటలు ఆగిపోయినవాళ్లకి ఒక అదనపు ఏడాది ఇవ్వొచ్చని 2020 మార్చి 30నే తేల్చేసింది. మన దగ్గరా వయసు గీతని అంతే జరపాలి. 2020, 2021లో డిగ్రీ అయిపోయినవాళ్లని పాత కాలేజీ తరఫున ఒక సీజను ఆడనివ్వాలి.

రెండోది పరీక్షలు. 2020 ఆగస్టులో గోపీచంద్ అకాడమీలో శిక్షణ మళ్లీ మొదలైనప్పుడు అందరికీ పరీక్షలు చేశారు. బ్యాడ్మింటన్ ఆడే సిక్కిరెడ్డికి లక్షణాలేవీ లేకపోయినా పాజిటివ్ వచ్చింది, అకాడమీ మూసి శుభ్రం చేశారు. పరీక్ష చేశారు కాబట్టే తెలిసింది. మాకు పోటీకి ముందు ఆ పరీక్ష చేయించండి, ఖర్చు ఆటగాడి జేబు నుంచి వద్దు. జబ్బు చేసి లేచినవాడికి ఈసీజీ తీయించి, డాక్టరు సరే అన్నాకే దింపండి. జ్వరం తగ్గినంత మాత్రాన గుండె కోలుకున్నట్టు కాదు. బాస్టన్ బేస్‌బాల్ ఆటగాడు ఎడ్వర్డో రోడ్రిగెజ్ కోవిడ్ తర్వాత గుండె కండరం వాచి 2020 సీజనంతా కూర్చోవాల్సి వచ్చింది. ఆయన వెనక వైద్యుల జట్టు ఉంది. మాకున్నది పీడీ సార్, ఆయన చేతిలో ఐసు ముక్క, స్ప్రే డబ్బా.

మూడోది, ఆడనన్నవాడి చోటు పోకూడదు. ఇంట్లో ముసలి నాయనమ్మ ఉందనో, ఇంకా టీకా పడలేదనో భయపడి ఒకడు ఈ సీజను వద్దంటే, వచ్చే సీజను జట్టులో అతనికి సెలక్షన్ హక్కు అలాగే ఉండాలి. పిరికివాడని వెక్కిరించేవాళ్లు మా సంఘంలో ఉండరు. అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ కుర్రాళ్లు 2020 ఆగస్టులో ఒక పక్క ఆడతామంటూనే, ఇంకో పక్క మానేసే హక్కు, ఆటగాళ్ల సంఘం అడిగారు. రెండూ ఒకేసారి ఎలా అడుగుతారని చాలామంది విసుక్కున్నారు. మాకైతే అందులో వింతేమీ కనిపించలేదు.

ఈ మూడూ తేల్చే కమిటీ ఏదైనా వేస్తే అందులో ఇప్పుడు ఆడుతున్న ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఉండాలి. ఒకప్పుడు ఆడిన పెద్దలు సలహాకి రావొచ్చు.

మేం రోడ్లు ఆపం, గేట్లు విరగ్గొట్టం. ఈ కాగితాన్ని మూడు ఊళ్ల కాలేజీల పీడీలకి, ప్రిన్సిపాళ్లకి చేత్తో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకుంటాం, మా విశ్వవిద్యాలయాలకి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాం. సభ్యత్వానికి రుసుం లేదు. రెండు రాష్ట్రాల వాళ్లూ చేరొచ్చు. ఆడుతున్నవాళ్లకే ఓటు, ఆట మానినవాళ్లు కూర్చుని వినొచ్చు. మొదటి సమావేశానికి మాస్కుతో రండి, జలుబు ఉంటే రావద్దు, ఫోన్‌లో కలవండి.