పొద్దున్నే మొదటి పని

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే మనం వినేవి చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. అబ్బాయికి వీసా వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఏళ్ల తరబడి నానిన స్థలం తగాదా తేలిపోయింది. సంఘమంతా స్తోత్రం చెబుతుంది. చెప్పాల్సిందే. మేలు పొంది నోరు మెదపకపోవడం తప్పు. కానీ అదే వరుసలో, వీసా రాని కుర్రవాడి తల్లి కూడా కూర్చుని ఉంటుంది. ఆపరేషన్ తర్వాత భర్త ఇంటికి తిరిగిరాని ఇల్లాలు కూడా ఉంటుంది. వాళ్ల చేతికి మైకు ఎవరూ ఇవ్వరు. మన విశ్వాసం ప్రకటించే ఆనందంలో వాళ్లకు పాలు లేదా? ఉంది. లేకపోతే అది క్రైస్తవ ఆనందమే కాదని నా గట్టి నమ్మకం.

హబక్కూకు గ్రంథం ఆఖరి వచనాలు చూడండి. కల్దీయుల దండు యూదా మీదికి రాబోతోందని ప్రవక్తకు తెలుసు. రైతు ఇంట్లో ఏమేం పోవచ్చో వరసగా లెక్క పెడతాడు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేలో పంట, దొడ్డిలో గొర్రెలు, కొట్టంలో పశువులు. ఒక్కటీ మిగలకపోయినా తన దేవుడిలో సంతోషిస్తానంటాడు. కోతకొచ్చిన చేను తుపానుకు మునిగిపోతే ఎలా ఉంటుందో తెలిసిన మనవాళ్లకు ఈ జాబితా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫిలిప్పీలో పౌలు, సీల దెబ్బలు తిన్నారు. కాళ్లకు బొండ వేశారు. అర్ధరాత్రి వాళ్లు పాడుతుండగా భూమి కంపించి చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఈ సంగతి బోధించేటప్పుడు మనం తలుపుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. పాట మాత్రం తలుపులు మూసి ఉండగానే మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు పౌలు మరో చెరలో ఉండి అదే ఊరి సంఘానికి ఉత్తరం రాశాడు. ఉన్నవి నాలుగే అధ్యాయాలు. సంతోషం మాట పదిసార్లకు పైగా వస్తుంది. ఈసారి తలుపులు తెరుచుకుంటాయో లేదో అతనికి తెలియదు. బతికినా చచ్చినా తనకు క్రీస్తు ఉన్నాడన్నదే అతని ధైర్యం.

ఈ ఆనందం అపొస్తలులకే గాని మనబోటివాళ్లకు అందదని అనేవారికి నేను జార్జ్ ముల్లర్ జీవితం చూపిస్తాను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచిన మనిషి. ఎవరినీ చందా అడగకుండా, ప్రార్థననే నమ్ముకుని, జీవితకాలంలో దాదాపు 10,000 మంది పిల్లలను సాకాడు. మనకూ దూరపువాడేం కాదు. ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి.

ముల్లర్ పేరెత్తగానే, తినడానికేమీ లేని పూట రొట్టె, పాలు గుమ్మంలోకి వచ్చిన కథలే చెప్పుకుంటాం. ఆయన తన గురించి రాసుకున్న మాటల్లో నన్ను పట్టి ఆపింది మరొకటి. 1841లో ఆయనకు ఒక సంగతి తేటపడింది. రోజూ తాను చేయాల్సిన మొట్టమొదటి పని, తన ప్రాణాన్ని ప్రభువులో సంతోషపరచుకోవడమేనట. పిల్లల ఆకలి, సంఘం పని, ప్రకటించాల్సిన వాక్యం, అన్నీ ఆ తర్వాతే. వందలమంది పిల్లలను మోసిన మనిషి ఇలా అన్నాడంటే ఆలోచించాలి. దేవుడిలో తృప్తి లేకుండా చేసే సేవ వట్టి బరువుగా మారుతుందని ఆయనకు తెలుసు.

దానికి ఆయన పట్టిన దారి కూడా సాదాది. అంతకుముందు ఏళ్ల తరబడి లేవగానే ప్రార్థనకు కూర్చునేవాడు. అరగంట దాకా మనసు ఎక్కడెక్కడో తిరిగేది. 1841 నుంచి ముందు వాక్యం తెరిచాడు. గొట్టంలోంచి నీళ్లు జారిపోయినట్టు చదివేసి వదలకుండా, ఒక్కో వచనం దగ్గర ఆగి, ఇది నాకేం చెబుతోందని నెమరువేసేవాడు. కాసేపటికి ఆ ధ్యానమే ఒప్పుకోలుగా, స్తుతిగా, ఇతరుల కోసం విజ్ఞాపనగా మారేది. ఆనందం దానంతట అది వస్తుందిలే అని ఆయన ఎదురుచూడలేదు. వాక్యంలో దేవుణ్ణి చూడనిదే ఆయన్ని ఆనందించడం సాధ్యం కాదని గ్రహించాడు.

దీనికి పరీక్ష 1870లో వచ్చింది. దాదాపు 40 ఏళ్లు కలిసి కాపురం చేసిన భార్య మేరీ జబ్బుపడింది. వేల ప్రార్థనలకు జవాబు చూసిన మనిషి, ఆమెను మాత్రం దక్కించుకోలేకపోయాడు. ఆమె సంస్మరణ ప్రసంగం తనే చేశాడు. దేవుడు మంచివాడన్న కీర్తనకారుడి మాటే మూలవాక్యం. ఆమెను ఇచ్చినందుకు, అన్నేళ్లు ఉంచినందుకు, చివరికి తీసుకున్నందుకు కూడా దేవుడు మంచివాడేనని మూడు భాగాలుగా చెప్పాడు. దుఃఖం లేక అలా అనలేదు. ఆమెతోపాటు పోనిది ఒకటి ఆయనకు మిగిలింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఏడ్చేవాళ్ల మీద ఈ ఆనందాన్ని కర్రలా ఎత్తకూడదు. సంతోషించమని ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలోనే పౌలు తాను ఏడుస్తూ చెబుతున్నానన్నాడు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ పదే పదే తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యాడు. మనసు జబ్బుపడ్డ విశ్వాసికి డాక్టరు కావాలి, తోడు కావాలి. ‘నీకు విశ్వాసం చాలదు’ అన్న తీర్పు అక్కర్లేదు. దేవుడిలో ఆనందం కన్నీళ్లను కాదనదు. ఏడ్చేవాడికి ఆసరాగా నిలబడుతుంది.

మన సంఘాల్లో కొత్త ఏడాది వాగ్దాన కార్డులకూ, ఆశీర్వాద కూటాలకూ లోటు లేదు. దేవుడు ఇవ్వబోయేవాటి గురించి బాగానే నేర్పుతున్నాం. ఆయన ఎలాంటివాడో, ఆయనతో ఉండటమే ఎంత భాగ్యమో అంత శ్రద్ధగా నేర్పడం లేదు. అందుకే అడిగింది అందకపోయిన రోజున చాలామంది గుడికే దూరమవుతున్నారు. బోధకులను నేను కోరేది ఇదే. సాక్ష్యాల వేళ, అడిగింది దక్కనివాళ్లకూ మాట్లాడే చోటివ్వండి. ‘నా బిడ్డ దక్కలేదు, అయినా ప్రభువు నన్ను విడిచిపెట్టలేదు’ అని ఒక తల్లి చెప్పగలిగితే, వీసా వచ్చిన కుర్రవాడు కూడా తన ఆనందాన్ని దేనిమీద కట్టుకోవాలో నేర్చుకుంటాడు. మిగతావాళ్లం రేపు పొద్దున్నే, ఫోను చూడకముందు, ముల్లర్ పెట్టుకున్న మొదటి పని మనమూ పెట్టుకుందాం. దేవుణ్ణి ఏదైనా అడిగేలోపు, ఆయన వాక్యంలో ఆయన్ని చూసి సంతోషించేదాకా కూర్చుందాం.