ఒక ఇంటికి ఒక కాపలా చాలు

పిల్లల ప్రాజెక్టులకీ, సెలవుల్లో ఆటలకీ ఇంట్లో ఒకటే కంప్యూటర్. బంటుమిల్లి అయినా బందరయినా చాలా ఇళ్లలో ఇంతే. మరి దానికి ఏ యాంటీవైరస్ మంచిది?

పేరు కన్నా ముందు అప్‌డేట్ల సంగతి చూడండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై 2017 మే 12న ప్రపంచాన్ని వణికించింది. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరే కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది!

విండోస్ 11తో ఉచితంగా వచ్చే డిఫెండర్ మామూలు వాడకానికి సరిపోతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది కాబట్టి, వీలుంటే మారండి. యాంటీవైరస్ కొనాలనుకుంటే ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారటివ్స్ పరీక్షల్లో రక్షణతోపాటు వేగానికి వచ్చిన మార్కులూ చూడండి. రెండు మాత్రం కలిపి వేయొద్దు. ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

ఆటలాడేవారు గేమ్ మోడ్ ఉన్నది ఎంచుకుని, స్కానింగ్‌ను ఆట లేని వేళకు పెట్టుకోండి. 'యాంటీవైరస్ ఆపితేనే ఇన్‌స్టాల్ అవుతా' అనే దొంగ కాపీ గేముల జోలికి వెళ్లొద్దు. పెళ్లి ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని బీరువాలో దాచండి. తాళం పడినా ధైర్యంగా ఉండొచ్చు.