క్షమ ఎవరి సొత్తు?

క్రైస్తవ కుటుంబములలో తగవులు తీర్చు పెద్దలు చాలకాలముగా ఒక సులభోపాయమును నమ్ముకొనియున్నారు. భర్త త్రాగివచ్చి భార్యను కొట్టును. మరునాడు పెద్దలు కూడుదురు. వారిలో వాక్యము నెరిగిన యొకరు ఆమె వైపునకు తిరిగి, ‘అమ్మా, ప్రభువు నిన్ను క్షమింపలేదా? నీవును క్షమించి ఇంటికి పొమ్ము’ అందురు. భర్తను ఎవరును ఒక ప్రశ్నయైనను అడుగరు. ప్రార్థనతో సభ ముగియును. పిట్లము పరిసరములలో బడిపంతులుగా నున్నందున ఇట్టి తీర్పులను పెక్కింటిని వింటిని. దెబ్బతిన్నవారి నోరు మూయించుటకు ప్రభువు పేరును వాడుకొనుటయే గాని వీనిలో క్షమ యెక్కడనున్నది?

ముందుగా మాటలను పరిశీలింతము. సంస్కృతమున ‘క్షమ’ యనగా సహనము. భూమికిని క్షమ యని పేరు. త్రవ్వినను త్రొక్కినను ఊరకుండునది భూమి. మన ఇండ్లలో స్త్రీని భూదేవితో పోల్చి పొగడుటలోని రహస్యమిదియే. పొగడ్త మనది, దాని ఖరీదు ఆమెది. గ్రీకు సువార్తలలోని క్రియాపదమునకు విడుచుట, పోనిచ్చుట యని యర్థము. సహించువాడు బరువును మోయుచునే యుండును; విడుచువాడు దించివేయును. ఇవి రెండును ఒకటి కావు. ఇక ‘క్షమాపణ’ యనునది క్షమింపజేయుట, అనగా వేడుకొనుట. తెలుగు బైబిలులో ‘పాపక్షమాపణ’ యనుచోట వేడుటకు చెల్లు మాటను ఇచ్చుటకు వాడినారు. వైయాకరణులు తప్పుపట్టవచ్చును. నాకు మాత్రము ఆ తప్పులో ఒక మేలు కనబడుచున్నది: వేడువాడొకడు ఉండవలెనను సంగతిని ఆ పదము మరువలేదు. మన పెద్దలు మరచినారు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మత్తయి వాడిన మాట పాపము కాదు, ఋణము. ఈ మాట తెలంగాణమువారికి తెలిసినంతగా మరెవరికి తెలియును? అప్పునకు ఒడలినే తాకట్టుపెట్టి దొరల యిండ్లలో తరతరములు చాకిరి చేసిన భగేలాలు ఇచ్చటివారే. ఆ ఒడంబడికలను అదుపుచేయుటకు నైజాము ప్రభుత్వము 1936లో శాసనము చేసెను. దేశమంతటను వెట్టిని నిషేధించు చట్టము 1976లో గాని రాలేదు. అసలెంత, తీరినదెంత యని ఆ మనిషికి చెప్పెడివారు లేరు. లెక్క చూపకుండుటయే ఆ దాస్యమునకు ఆయువుపట్టు.

అందుచేతనే మత్తయి 18వ అధ్యాయములోని ఉపమానమును మొదటినుండి చదువవలెను. రాజు ముందుగా లెక్క చూచును. పదివేల తలాంతుల బాకీ బయటపడును. ఒక తలాంతు ఇంచుమించు ఆరువేల దేనారములు. దేనారము ఒక కూలివాని దినవేతనము. అనగా ఆరుకోట్ల దినముల కూలి! అంత మొత్తమును పైకి చదివిన పిమ్మటనే రాజు దానిని విడిచిపెట్టును. మన పెద్దలు కథ చివరనున్న శిక్షను మాత్రము భార్యకు చూపి భయపెట్టుదురు, ఆరంభములోని లెక్కను దాటిపోవుదురు. జక్కయ్య అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. త్రాగుబోతు భర్తను వైద్యపు ఖర్చునైనను ఇమ్మని అడిగిన సభను నేను చూడలేదు. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ నిచ్చు చట్టము 2005లోనే వచ్చినదని ఆమెకు చెప్పినవారును లేరు.

ఇంటి సంగతి ఇట్లుండగా ఊళ్ల సంగతి ఇంకను ఘోరము. 1991 ఆగస్టు 6వ తేదీన నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు దళితులను చంపి, శవములను గోనెసంచులలో కుక్కి కాలువలో పడవైచిరి. ఆ వాడలో క్రైస్తవ కుటుంబములనేకము. ప్రత్యేక న్యాయస్థానము ఆ ఊరిలోనే కూర్చుండి 2007లో 21 మందికి యావజ్జీవమును, 35 మందికి ఏడాది శిక్షను విధించెను. 2014లో హైకోర్టు అందరిని నిర్దోషులని విడిచెను. చంపినవారెవరో చెప్పు తీర్పే నిలువలేదు. ఇట్టివారితో ‘మీరు క్రీస్తు బిడ్డలు, మరచిపొండు’ అని పలుకుట ఎట్టి బోధ? ఎవని అప్పును వారు మాఫీ చేయవలెను?

‘అట్లయిన పగను పెంచుకొమ్మందువా?’ అని అడుగవచ్చును. అనను. పగపట్టినవాడు పగవాని ఇంటనే కాపురముండును. పగలెల్ల వాని మాటలే, రాత్రియెల్ల వాని ముఖమే. ఆ చెరనుండి విడుదల పొందుట మహాభాగ్యము, దానినే క్రైస్తవులు కృప యందురు. కాని కృప యోగ్యత చూడని దానము. దానమును పన్నువలె వసూలుచేయు అధికారము ఏ పెద్దకు ఎవరిచ్చినారు? పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో పండ్రెండవ అధ్యాయము చివర స్వయముగా పగ తీర్చుకొనవద్దనెను. వెంటనే పదుమూడవదానిలో చెడు చేయువానిని దండించు ప్రభుత్వాధికారమును గూర్చి చెప్పెను. అధ్యాయములుగా విడదీసినది పౌలు కాదు. ఒక్క యూపిరిలో ఆయన వ్రాసిన దానిని మన బోధకులు రెండు ముక్కలు చేసి, మొదటిదానిని దెబ్బతిన్నవారికి పంచి, రెండవదానిని దాచిపెట్టినారు.

డిచ్‌పల్లిలోని కుష్ఠరోగుల వైద్యశాల నెరిగిన మన ప్రాంతమువారికి ఒడిశాలోని బారిపదాలో గ్రాహం స్టెయిన్స్ చేసిన సేవ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. 1999 జనవరిలో మనోహరపూరులో ఆయనను, పదేండ్ల ఫిలిప్పును, ఆరేండ్ల తిమోతిని వాహనములోనే సజీవదహనము చేసిరి. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించితిననెను. ఆ మాట ఆమె చేత ఏ సభయు చెప్పింపలేదు. ఆమె క్షమించినదని ప్రభుత్వము అభియోగమును మానుకొనలేదు. ముఖ్య నేరస్థునికి పడిన యావజ్జీవశిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయపరచెను. తీర్పునకై వేచియుండక ఆమె బారిపదాలోనే నిలిచి, 2004 వరకు అదే రోగులకు సేవ చేసెను.