నోరు మెదపని చీనా విద్య

“శని, ఆదివారములలో మాత్రమే తరగతులు, 30 మంది బ్యాచి, నాలుగవ లెవెలు గ్యారంటీ” అని పెద్ద అక్షరములతో అచ్చు వేసిన కరపత్ర మొకటి మొన్న మా దినపత్రిక మడతలలోనుండి జారిపడినది. ఏ ఎంసెట్టుకో, ఏ బ్యాంకు కొలువుల పరీక్షకో సంబంధించినదై యుండునని పాఱవేయబోయి, చీనాభాష యన్న మాట కంటబడగా ఆగితిని. మన నగరములో చీనాభాష నేర్పుచున్నారనిన నాకు సంతోషమే. పొరుగుదేశపు భాషను ఎఱుగకుండుట గొప్పతనమని తలచువారిలో నేను లేను. 2019 నాటి జాతీయ విద్యావిధానపు ముసాయిదాలో విదేశీభాషల నడుమ కనిపించిన చీనాభాష 2020లో వెలువడిన తుదిప్రతిలో మాయమైనప్పుడు నొచ్చుకొన్నవారిలో నేనును ఒకడను. నాకు మింగుడుపడనిది ఆ గ్యారంటీ. పరీక్షకు గ్యారంటీ ఇయ్యవచ్చును గాని భాషకు గ్యారంటీ ఇచ్చువా డెవడు?

ఈ తరగతులు ఎవరి కొఱకో పాఠకులకు వివరింప నక్కఱలేదు. వైద్యవిద్యకై చీనాకు పోయిన పిల్లవాడో పిల్లయో మీ వీథిలో ఒక్కరైన నుందురు. వారికి పాఠములు ఇంగ్లీషులోనే జరుగవలెను. 2021లో మన జాతీయ వైద్య కమిషను చేసిన నిబంధనలు అట్లే శాసించుచున్నవి. కాని ఆసుపత్రి మంచముపై మూలుగుచున్న రోగికి మన కమిషను నిబంధనలతో నిమిత్తము లేదు గదా! అతడు తన నొప్పిని తన భాషలోనే చెప్పుకొనును. అందుచేత ఇంగ్లీషు మాధ్యమమున వైద్యము చదువు విదేశీ విద్యార్థులు పట్టము పుచ్చుకొనునాటికి హెచ్.ఎస్.కె. యను చీనాభాషా ప్రావీణ్యపరీక్షలో నాలుగవ స్థాయి నందుకొనవలెనని ఆ దేశపు విద్యాశాఖ నియమము చేసినది. ఇంతకన్న సమంజసమైన నియమము మఱొకటి యుండబోదు. దానిని మొక్కుబడిగా మార్చుకొన్న ఘనత మాత్రము మనది.

మా ప్రక్కింటి అమ్మాయి, సెలవులకు వచ్చిన వైద్యవిద్యార్థిని, అట్టి తరగతి యొకదానికి పోవుచున్నదని తెలిసి, నేనును వెంటబోయి వెనుక వరుసలో కూర్చుంటిని. క్రింద టిఫిను సెంటరు, మీద మూడవ అంతస్తులో ఇఱుకు గది, ప్లాస్టిక్ కుర్చీలు, ప్రతివాని యొడిలోను ఒక నమూనా ప్రశ్నపత్రము. ఉపాధ్యాయుడు చీనాలో చదివి వచ్చిన యువకుడు. ఉచ్చారణ ఎఱిగినవాడు, శ్రద్ధగలవాడు. అతని నేనేమియు ననను. కాని అతడు చెప్పుచున్నది భాష కాదు, ఉపాయము. “ఆడియో ఒక్కసారే వస్తుంది. అది మొదలవకముందే నాలుగు ఆప్షన్లూ చదివేయండి. చివర వినబడ్డ మాట పట్టుకోండి, ముందువి వదిలేయండి.” అందఱును తలలూపిరి. పిమ్మట చిందరవందరగా నిచ్చిన పదములను వాక్యముగా పేర్చు అభ్యాసము. కంప్యూటరుపై పరీక్ష వ్రాయువానికి చీనాలిపిని చేతితో గీయు బాధయు లేదు. రోమను అక్షరములు కొట్టినచో లిపి తనంతట తానే తెరపై వరుస కట్టును, వానిలో నొకదానిని ఏఱుకొనిన చాలును. చిట్టచివర ఒక వాక్యమును అందఱును కలిసి మూడుసారులు పలికిరి. ముప్పదిమంది ఒక్కపెట్టున పలుకుచున్నప్పుడు తప్పు పలికినవాని తప్పు, భజనలో తాళము తప్పినవాని చప్పుడువలె, ఆ హోరులోనే కలిసిపోవును. నేనున్నంతసేపు ఒక్క విద్యార్థియు ఒంటరిగా నోరు మెదపలేదు.

మెట్లు దిగుచు, “మాట్లాడే పరీక్ష లేదా అమ్మా?” అని అడిగితిని.

“ఉంది బాబాయిగారూ, అది వేరే పేపరు. దానికి చివరి వారంలో మోడల్ ఆన్సర్స్ ఇస్తారట. బట్టీ పట్టేస్తే చాలట.”

ఇందులో ఆ పిల్ల దోష మేమున్నది? ఆ పరీక్ష పుట్టుకయే అట్టిది. మొదటి రెండు స్థాయిలలో వినుట, చదువుట మాత్రమే. 200 మార్కులకు 120 వచ్చినచో గట్టెక్కినట్లే. నాలుగవ స్థాయిలో వినికిడికి 100, పఠనమునకు 100, వ్రాతకు 100. మొత్తము 300లో 180 చాలును. నోటికి ఇందులో సున్న. నోటి పరీక్షకు హెచ్.ఎస్.కె.కె. అని వేఱొక పేరు, వేఱొక యోగ్యతాపత్రము. 2021లో చీనావారు తమ ప్రమాణములను సంస్కరించి, పాతలెక్కలో 1200గా నున్న నాలుగవ స్థాయి పదములను 3245కు పెంచిరి. 2022 నవంబరులో తొలిసారి జరిపిన ఏడు మొదలు తొమ్మిది వఱకు గల స్థాయిల పరీక్షలో సంభాషణమును అనువాదమును కూడ చేర్చిరి. పరీక్ష పెట్టువారికి బుద్ధి పుట్టిన దన్నమాట. ఆ బుద్ధి మూడవ అంతస్తు గదులకు ఇంకను ఎక్కిరాలేదు. అచ్చట పెరిగినది పదముల జాబితా ఒక్కటే. స్టూడియోలో తీరికగా రికార్డు చేసిన ప్రామాణికమైన గొంతును పట్టుకొని 180 మార్కులు తెచ్చుకొన్న మన వైద్యుని ఎదుట, సిచువాన్ పల్లెలనుండి వచ్చిన పండ్లూడిన ముసలమ్మ తన మాండలికమున కడుపునొప్పిని వర్ణింప మొదలిడినపుడు, అతనికి నాలుగు ఆప్షన్లు ఎవరిత్తురు?

ఇక నాకు ఎంతకాలముగానో మనసులో నున్న మాటను చెప్పెదను, సంపాదకులు సైతురుగాక. తెలుగువానికి చీనాభాషను ఇంగ్లీషు దారిన నేర్పుట యంత అవివేకము మఱొకటి లేదు. 1958లో ఆ దేశము స్వీకరించిన పిన్‌యిన్ అను రోమనులిపి పద్ధతిలో ‘బి’ యను అక్షరమున్నచోట పలుకవలసినది బకారము కాదు, పకారము; ‘పి’ యున్నచోట పలుకవలసినది పకారము కాదు, ఊపిరి బలముగా విడిచి ఒత్తి పలుకు ఫకారము. అట్లే ‘డి’, ‘టి’లకు త-థలు, ‘జి’, ‘కె’లకు క-ఖలు. అల్పప్రాణ మహాప్రాణ భేదమే ఆ భాషలోని హల్లులకు ప్రాణము. ఈ భేదమును అక్షరములలోనే పొదిగి యుంచిన వర్ణమాల మన కున్నది, ఇంగ్లీషునకు లేదు. అయినను మన పిల్లవాడు ‘బి’ని చూచి బకారము పలికి, దానిని దిద్దుకొనుటకు నెలలు పోగొట్టుకొనుచున్నాడు. ఇంతటితో ఆగినదా? ‘చలి’, ‘చాప’లలోని దంత్య చకారమును, ‘చీర’, ‘చేయి’లలోని తాలవ్య చకారమును తెలుగు తల్లి బిడ్డకు పాలతో పాటు నేర్పును, చీనాభాషలో ఈ రెండును వేర్వేఱు ధ్వనులు, వేర్వేఱు అక్షరములు. ఇంగ్లీషువాడు కష్టపడి సాధించుదానిని మనవాడు పుట్టుకతో తెచ్చుకొన్నాడు. తెచ్చుకొన్నట్లు అతనికి చెప్పువాడే లేడు. స్వరభేదములు నాలుగును మనకు క్రొత్తవే, ఒప్పుకొందును. కాని మూడవ స్వరముగల అక్షరములు రెండు ప్రక్కప్రక్కన వచ్చినచో మొదటిది రెండవ స్వరముగా మాఱునని చెప్పి, “ఇది రూలు, గుర్తుపెట్టుకోండి” యనుటకంటె, “ఇది సంధి” యని ఒక్క మాట చెప్పినచో బాలవ్యాకరణము పుట్టిన జాతికి సులభముగా తలకెక్కదా?

ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చినపుడు ఇచ్చటివారి మాట మధ్యదేశపు మాటకు భిన్నమనియు, లిపి మాత్రము ఇంచుమించుగా అదియేయనియు వ్రాసికొన్నాడు. మాటను లిపిని వేర్వేఱుగ పట్టించుకొన్న చెవి యది! ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, ఇద్దఱు భిక్షువులయొద్ద అభిధర్మమును చదివి, వారికి తాను మహాయానశాస్త్రములను చెప్పినాడు. ముఖాముఖి చదువు, బ్యాచి లేదు, గ్యారంటీ లేదు.

అయితే మహాప్రాణములు మనకున్నవని నేను పైన గొప్పగా చెప్పితిని గాని, ఉన్నవా నిజముగా? టీవీలో వార్తలు చదువువారు ధనమును దనముగను, భారతమును బారతముగను పలుకుట విని విని మన చెవులు మొద్దువాఱినవి. ఫలమును ఇంగ్లీషు ‘ఎఫ్’తో పలుకనివాడు నేడు పల్లెటూరివాడు. బడిలో పద్యము కంఠస్థము చేయించి ఎదుట నిలబెట్టి చదివించు పంతులు పోయినాడు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో తెలుగు బిడ్డ తెలుగున ఒక్క మాటయైన పలుకవలసిన పని లేదు. ఆపై ఇంటర్మీడియటులో తెలుగును వదలి, మార్కులు రాలునని సంస్కృతమును పట్టుకొని, జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో వ్రాసి నూటికి తొంబదియెనిమిది తెచ్చుకొన్నవారు ఇంటింటను ఉన్నారు. వారిలో నొకనిని పట్టుకొని, ‘నీ పేరేమి?’ అని సంస్కృతమున నడిగి చూడుడు. చీనాభాష కిట్టి తరగతులు పెట్టవలెనన్న ఊహ ఎచ్చటినుండి వచ్చినదని నేనింక ఆశ్చర్యపడను. దేవభాషపై చేయి తిరిగినవారికి చీనాభాష యొక లెక్కయా?

ఈ సంగతినే సంస్కృతోపన్యాసకుడైన ఒక మిత్రునితో ప్రస్తావించి, ఇరువది మార్కులకైన మౌఖికపరీక్ష పెట్టవలెనని మీరు బోర్డువారిని ఏల కోరరాదని అడిగితిని. ఆయన చుట్టును చూచి, గొంతు తగ్గించి, “ఊరుకోండి సార్, మౌఖికం పెడితే పిల్లలంతా రేపే తెలుగుకి మారిపోతారు, మా ఉద్యోగాలేం కాను?” అన్నాడు. తెలుగునందు మౌఖికము లేదు కావున ఆయన భయము నిరాధారమని చెప్పజాలను.