ఒంటరి తల్లి మంచం పడితే బిడ్డకు దిక్కెవరు?

ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరుంటే, ఒకరు మంచం పట్టినా రెండోవారు గంజి కాచి ఇస్తారు. పిల్లలకింత అన్నం పెడతారు. మందుల షాపుకు పరుగెత్తుతారు. భర్త పోయినవారు, విడిపోయి వేరుగా ఉంటున్నవారు, పెళ్ళి కాకుండానే తల్లి అయినవారు, భర్త గల్ఫ్‌లో ఉంటే ఇక్కడ పిల్లలతో ఒక్కరే నెట్టుకొస్తున్నవారు... వీళ్ళ ఇళ్ళల్లో ఆ రెండో మనిషి ఉండరు. మామూలు జ్వరమైతే పక్కింటి పిన్నిగారు వచ్చి బిడ్డను కాసేపు ఎత్తుకుంటారు. అంటువ్యాధి అనేసరికి ఆవిడ కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా విజృంభించినప్పుడు ఇలాంటి తల్లులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒక్కటే. ‘పరీక్షలో జబ్బు ఉందని తేలితే నన్ను ఆస్పత్రిలో పెడతారు, నా పిల్లల గతేమిటి?’ ఈ భయంతో జ్వరాన్ని దాచుకుని, మాత్ర మింగి పనికి పోవడమే అన్నిటికన్నా ప్రమాదం. ఆలస్యమైన కొద్దీ జబ్బు ముదురుతుంది, పిల్లలకూ అంటుతుంది. దీనికి మందు మందుల షాపులో దొరకదు. జ్వరం రాకముందే, ఒళ్ళు బాగున్నప్పుడే మీరు చేసుకోవలసిన ఏర్పాటు అది.

ముందుగా ఒక మనిషి, ఒక కాగితం

మీకు జబ్బు చేస్తే పిల్లల్ని ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి. అక్క కావచ్చు, వదిన కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. మనసులో అనుకుని ఊరుకోకండి. నోరు తెరిచి అడగండి, ఒప్పించండి. ఒకరు కుదరకపోతే రెండోవారు ఉండేలా చూసుకోండి. ముసలివాళ్ళకు అంటువ్యాధులు త్వరగా ముదురుతాయి కనుక అమ్మమ్మ మీదే భారమంతా వెయ్యకండి.

తర్వాత ఒక కాగితం మీద వాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు, పిల్లల వయసు, వాడే మందులు, పడని వస్తువులు, వేసిన టీకాలు రాసి బీరువా తలుపు లోపల అంటించండి. పెద్దపిల్లకు ఆ కాగితం ఎక్కడుందో చూపించండి.

2021లో రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, రోగిని చేర్చుకునే ఆస్పత్రి ఫారంలో ‘పిల్లల్ని ఎవరికి అప్పగించాలి’ అనే గడి ఒకటి పెట్టమని కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఆరోగ్య శాఖను కోరింది. ఫారంలో ఆ గడి ఉన్నా లేకపోయినా ఆస్పత్రిలో చేరేటప్పుడు మీరే ఆ పేరు చెప్పి రాయించండి.

ఎవరూ లేకపోతే 1098కి ఫోను చెయ్యండి. అది పిల్లల కోసం రాత్రీ పగలూ పనిచేసే నంబరు. జిల్లాలో ఉండే బాలల సంక్షేమ సమితి బిడ్డకు తాత్కాలికంగా నీడ చూపిస్తుంది. అంతేకాని ‘మేము పెంచుకుంటాం’ అని వచ్చిన ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో బిడ్డను పెట్టకండి. చట్ట ప్రకారం కాని దత్తత నేరం.

జ్వరం వచ్చాక

ఊపిరికి సంబంధించిన అంటువ్యాధి అయితే ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి, వీలైతే వేరే చాప మీద పడుకోండి. అన్నం కలిపే ముందు, బిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒక్క గదిలో కాపురం ఉండేవాళ్ళకు ఇంతకన్నా సాధ్యం కాదు. ఇంతమాత్రం చేసినా మేలే.

చంటిబిడ్డకు పాలు మాన్పించకండి. కరోనా సోకిన తల్లులు కూడా మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. డబ్బా పాలు, సీసా అలవాటు చేస్తే విరేచనాల భయం అదనం. జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పారాసెటమాల్ అయినా బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదే ఇవ్వాలి.

ఆయాసం, గుండెలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మగతగా మాట తడబడడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, వేలికి పెట్టి చూసే ఆక్సిమీటరులో అంకె 94 కన్నా తగ్గినా, తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108ని పిలవండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

2020 లాక్‌డౌన్‌లో మహిళల జనధన్ ఖాతాల్లో కేంద్రం నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేసింది. తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కార్డుకు 1000 రూపాయలు ఇచ్చారు. ఇవన్నీ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. సహాయం ఖాతాను వెతుక్కుంటూ, కార్డును వెతుక్కుంటూ వచ్చింది. పేరు ఇంకా అత్తవారింటి కార్డులోనే ఉండిపోయిన ఇల్లాలికి ఆ బియ్యం ఎలా అందుతాయి? అందుకని వేరుగా ఉంటున్నవారు రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా మీ పేరున చేయించుకోండి. ఇది కూడా ఆరోగ్య రక్షణలో భాగమే.

పింఛను: తెలంగాణలో వితంతువులతో పాటు ఒంటరి మహిళలకు కూడా 2017 నుంచి పింఛను ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇద్దరికీ ఉంది. తెలంగాణవారు మండల పరిషత్ లేదా మునిసిపల్ కార్యాలయంలో, ఆంధ్రవారు ఊరి సచివాలయంలో అడగండి.

పిల్లల పోషణకు: మిషన్ వాత్సల్య కింద భర్త పోయిన, విడాకులు పొందిన, ఇంటివారు వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకు 4000 రూపాయల సహాయం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72 వేలు, పట్నాల్లో 96 వేలు మించకూడదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచరును అడగండి.

తిండికి: గర్భిణులకు, బాలింతలకు, 6 నెలల నుంచి 6 ఏళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీలో పోషకాహారం ఇస్తారు. ‘భర్త ఏడి?’ అని ఎవరైనా అంటే తల దించుకోకండి. అది మీ బిడ్డ హక్కు.

కోర్టు పనికి: ఆదాయం ఎంతైనా సరే, స్త్రీలకు, పిల్లలకు ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. నంబరు 15100.

ఇంట్లో ఎవరైనా జబ్బుతో పోతే పరీక్ష రిపోర్టు, ఆస్పత్రి చీటీలు దుఃఖంలో పారెయ్యకండి. కరోనా మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయలు ఇవ్వాలని 2021లో నిర్ణయించారు. 2022 మార్చిలో సుప్రీంకోర్టు దానికి గడువు పెట్టింది. పాత మరణాలకు 60 రోజులు, ఆ తర్వాతివాటికి 90 రోజులు. ఇలాంటి సహాయం ఏది వచ్చినా కాగితమూ ఉండాలి, గడువూ దాటకూడదు.

దిగులుగా ఉంటే

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బిడ్డ మీద విసుగు – ఇవి మీ చేతకానితనం కావు. ఒక్కరే ఇద్దరి బరువు మోస్తున్నారు. 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు కట్టనక్కరలేదు.

చివరగా, ఇది చదువుతున్న మిగతా ఇల్లాళ్ళకు ఒక మాట. మీ పక్క వాటాలో ఇలాంటి తల్లి ఉంటే ఆమె అడిగేదాకా ఆగకండి. ‘అమ్మాయీ, నీకు ఒంట్లో బాగోకపోతే పిల్లలు మా ఇంట్లో తింటారు, నువ్వు వెళ్ళి పరీక్ష చేయించుకో’ అని మీరే వెళ్ళి చెప్పండి. జబ్బు పిల్లలకు కూడా సోకిందేమోనని అనుమానముంటే గుమ్మం దగ్గర క్యారియరు పెట్టి రండి. అంటువ్యాధి మనిషికీ మనిషికీ మధ్య దూరం పెట్టమంటుంది గాని, అన్నం మానమనదు.