ఇల్లు వెంట వస్తే సెలవెవరికి?

వేసవి సెలవుల ప్రయాణం అనగానే పిల్లలకు కిటికీ పక్క సీటు గుర్తొస్తుంది. మగవాళ్ళకు టిక్కెట్లు గుర్తొస్తాయి. ఇల్లాలికి మాత్రం పులిహోర గుర్తొస్తుంది. ముందురోజు రాత్రి పన్నెండింటిదాకా చింతపండు గుజ్జు తీయడం, చపాతీలు గుడ్డలో చుట్టడం, పాలవాడికీ పనిమనిషికీ చెప్పి పంపడం, బండి కదిలాక గ్యాస్ కట్టేశామా లేదా అని దిగులుపడటం, తిరిగొచ్చాక వారం రోజుల మాసిన బట్టల మూట విప్పుకోవడం... ఇదీ ఆవిడ యాత్రాచరిత్ర. మధ్యలో నాలుగు ఫోటోలు ఉంటాయి. వాటిల్లో కూడా ఆవిడ చేతిలో నీళ్ళ సీసానో, ఎవరిదో స్వెట్టరో ఉంటుంది!

ఇల్లు వదిలి వెళ్తేనే ఇలా ఉంటే, ఇంటినే వెంటబెట్టుకుని వెళ్తే ఎలా ఉంటుంది?

అమెరికాలో ఆ ముచ్చట కూడా ఉంది. దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. కారు వెనకాల కొక్కేనికి తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. అందులో గ్యాస్ పొయ్యి, సింకు, ఫ్రిజ్, రైలు బెర్తుల్లాంటి పడకలు, ఓ మూలన మనిషి తిరగడానికే కష్టమయ్యేంత స్నానాలగది. వేసవి వస్తే చాలు, వేలాది కుటుంబాలు వీటిని తగిలించుకుని కొండలకూ, సరస్సులకూ, నేషనల్ పార్కులకూ బయలుదేరతాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా కొన్ని అద్దెకు తీసుకుని వెళ్తున్నాయి. హోటల్ తిండితో పనిలేదు, మన వంట మనం చేసుకోవచ్చు అన్నది మనవాళ్ళకు పెద్ద ఆకర్షణ. ‘మన వంట మనం’ అన్నప్పుడు ఆ ‘మనం’ ఎవరన్నదే అసలు ప్రశ్న.

రోడ్డు మీద కాపురం మనకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి కుటుంబంతో, పెద్ద పరివారంతో, డేరాలతో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. అంతెందుకు, ఇవాళ్టికీ మన ఊళ్ళనుంచి యాత్రలకు వెళ్ళే బస్సుల్లో గ్యాస్ సిలిండర్, గుండిగలు, కూరగాయల బుట్టలు కూడా ఎక్కుతాయి. కాకపోతే ఆ బస్సుల్లో వంటవాళ్ళు కూడా ఎక్కుతారు. ట్రైలర్‌లో వంటవాళ్ళెవరూ ఎక్కరు. వండే మనిషి కారులోనే, ముందు సీట్లో, ఒళ్ళో రోడ్డు మ్యాపు పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఈ ట్రైలర్ల చరిత్రలోనే మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. అమెరికాలో పేరుమోసిన ట్రైలర్ ఎయిర్‌స్ట్రీమ్. వెండిరంగులో మెరుస్తూ విమానం బొజ్జలా ఉంటుంది. 1931లో ఆ సంస్థను మొదలుపెట్టినాయన వాలీ బయామ్. ఆయన భార్య మేరియన్, వంటిల్లు లేకుండా క్యాంపింగుకి రానందిట. అందుకని ఆయన ఓ పాత కారు చట్రం మీద డేరా లాంటిది కట్టాడు. తర్వాత ఐసుపెట్టె, కిరసనాయిలు స్టవ్ పెట్టి చిన్న గదిలా చేశాడు. ఆ సంస్థవాళ్ళు చెప్పుకునే కథ ఇది. వినేవాళ్ళు ‘ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళినా వంటిల్లు వదలరు’ అని నవ్వుకుంటారు. మనకు మాత్రం ఇంకోటి అర్థమవుతుంది. అడవికి వెళ్ళినా అన్నం వండాల్సింది తనేనని మేరియన్‌కు ముందే తెలుసు. తప్పనప్పుడు నేలమీద మూడు రాళ్ళు పెట్టి పొగలో కళ్ళు నులుముకోవడం కంటే నిలబడి వండుకునే చోటు అడగడం తెలివైన పనే కదా!

1954లో ‘ది లాంగ్, లాంగ్ ట్రైలర్’ అని హాలీవుడ్‌లో ఓ హాస్యచిత్రం వచ్చింది. లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ కొత్త దంపతులు. భర్త కారు నడుపుతుంటే, భార్య వెనకాల కదిలే ట్రైలర్‌లో వంట మొదలుపెడుతుంది. మలుపు మలుపుకీ గిన్నెలు ఎగిరి ఆవిడ మీద పడతాయి. ప్రేక్షకులు పడీపడీ నవ్వారు. ఈ రోజుల్లో అక్కడి చాలా రాష్ట్రాల్లో, కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోవడమే చట్టవిరుద్ధం. చట్టం ఆవిణ్ణి కదిలే వంటింట్లోంచి దించింది. ఆగిన వంటింట్లోంచి దించాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే.

క్రిందటి వేసవిలో మా చెల్లెలి దగ్గరికి కొలరాడో వెళ్ళినప్పుడు మా రెండు కుటుంబాలూ కలిసి ఇలాగే ట్రైలర్ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ పార్కుకి వెళ్ళాం. 1872లో ఏర్పడిన ఆ పార్కు ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు. అక్కడ భూమిలోంచి మరిగే నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతాయి. మొత్తం ఏడుగురం. మొదటి రెండు రోజులూ ఏం జరిగిందో మీరు ఊహించగలరు. బండి ఆగగానే మా మరిదిగారు ఒళ్ళు విరుచుకుంటూ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పాపం, గంటల తరబడి అంత బరువు లాగుతూ నడిపారు మరి. మావారు ఆయనకు తోడు. పిల్లలు చెట్లలోకి పరుగు. అక్కాచెల్లెళ్ళిద్దరం రెండడుగుల స్థలంలో ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ పప్పూ అన్నం! తాలింపు వేస్తే పొగకు పైన అలారం మోగేది. పిల్లలు వచ్చి చప్పట్లు కొట్టేవారు.

ఆ బుల్లి ఇల్లు ఊరుకోలేదు. మన ఇళ్ళల్లో పైన వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటుంది కాబట్టి నీళ్ళు ఎవరు ఎంత ఒలకబోస్తున్నారో ఎవరికీ తెలియదు. ట్రైలర్‌లో మంచినీళ్ళ ట్యాంకులో పట్టేది నలభై గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. రెండో రోజు రాత్రి నీళ్ళ కనెక్షన్ లేని చోట ఆగాం. స్నానాలకూ అంట్లకూ కలిపి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. కరెంటూ అంతే. బయటి క్యాంపుల్లో ఇచ్చే ముప్ఫై ఆంపియర్ల లైను మీద ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒక్కసారి వేస్తే ఠప్పున బ్రేకర్ పడిపోతుంది. అంట్లు తోమిన నీళ్ళకో ట్యాంకు, మరుగుదొడ్డికో ట్యాంకు కింద ఉంటాయి. నిండగానే ఎవరో ఒకరు చేతులకు తొడుగులు వేసుకుని, గొట్టం తగిలించి, ముందు మరుగుదొడ్డిదీ తర్వాత సబ్బునీళ్ళదీ ఖాళీ చెయ్యాలి. ఆ వరసలో చేస్తేనే గొట్టం కడిగినట్టవుతుంది.

అంటే ఏమిటన్నమాట? ఇంట్లో ఎవరికీ కనిపించకుండా జరిగిపోయే పనులన్నీ ఆ చిన్న ఇంట్లో అందరి కళ్ళముందుకీ వచ్చేస్తాయి. నీళ్ళు తేవాలి, మురికి పారబొయ్యాలి, చెత్త కట్టాలి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి బయట బల్లమీద పచ్చడి సీసా కూడా వదలకూడదు. మేం దిగిన ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఆ భయానికే గుడ్డ డేరాలు వెయ్యనివ్వరు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. ఒక్క పని ఎవరైనా మరిచిపోతే ఏడుగురికీ ఇబ్బందే.

నీళ్ళు అయిపోయిన ఆ పొద్దున మరిదిగారు, ‘‘నా డ్రైవింగ్ డ్యూటీ నేను చేస్తున్నానుగా’’ అన్నారు. మా చెల్లెలు నవ్వుతూనే అంది: ‘‘బండి ఆగితే మీ డ్యూటీ అయిపోతోంది. బండి ఆగాకే మా డ్యూటీ మొదలవుతోంది. మీకు సీటు మారుతోందండీ, మాకు వంటిల్లు కూడా మారట్లేదు.’’

తర్వాత ఓ కాగితం మీద పనులన్నీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పన్నెండేళ్ళ వాడి దగ్గర్నుంచి మావారిదాకా అందరి పేర్లూ ఉన్నాయందులో. మగపిల్లలిద్దరికీ నీళ్ళు, అంట్లు. ట్యాంకులు మరిదిగారికి. పొద్దుటి టిఫిను మావారిది. ఆయన చేసిన ఉప్మా గురించి ఎక్కువ రాయను గానీ, ఆ పొద్దున మొదటిసారిగా అక్కాచెల్లెళ్ళిద్దరం చేతుల్లో కాఫీ కప్పులతో నది ఒడ్డుకు నడిచి వెళ్ళాం. తొందరగా వెనక్కి వెళ్ళాలన్న ఆలోచన లేకుండా నీళ్ళకేసి చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇంకో విషయం స్టీరింగు. ట్రైలర్ తగిలించిన బండి వెనక్కి నడపడం నిజంగానే కష్టం. స్టీరింగు కుడికి తిప్పితే వెనకాల ఇల్లు ఎడమకి పోతుంది. మగవాళ్ళే నడపడం, ఆడవాళ్ళు కిందకి దిగి ‘రైట్ రైట్’ అని చేతులూపడం, సరిగ్గా రాకపోతే చేతులూపినవాళ్ళని విసుక్కోవడం ఏ క్యాంపులో చూసినా కనిపించే దృశ్యమే! మా చెల్లెలు ఖాళీ మైదానంలో ఓ గంటసేపు నేర్చుకుంది. చెయ్యి స్టీరింగు అడుగుభాగాన పెట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే వెళ్తుంది. అంతే కిటుకు. 1909లోనే ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ళ గృహిణి, ఒక బిడ్డ తల్లి, న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా సుమారు 3,800 మైళ్ళు 59 రోజుల్లో కారు నడుపుకుంటూ వెళ్ళింది. వెంట ఉన్న ముగ్గురు ఆడవాళ్ళలో ఎవరికీ డ్రైవింగ్ రాదు. సరైన రోడ్లు కూడా లేని రోజులవి. నూరేళ్ళు దాటాక ఇంకా ‘నీకెందుకు, నువ్వు చెయ్యూపు చాలు’ అంటే ఎలా?

పైగా సామాను సర్దే మనిషికి బండి సంగతి తెలియడం ప్రాణాలతో పని. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముందున్న కొక్కెం మీద పడాలి. బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, నీళ్ళ క్యాన్లు అన్నీ తోక వైపు సర్దేస్తే, వేగంలో ట్రైలర్ తోక ఆడించినట్టు ఊగి కారుని కూడా లాగేస్తుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు, వేగం మెల్లగా తగ్గనివ్వాలి. బియ్యం ఎక్కడ పెట్టాలన్నది వంటింటి విషయమే అనుకునే మగవాళ్ళూ, బరువు సంగతి డ్రైవరు విషయమే అనుకునే ఆడవాళ్ళూ ఇద్దరూ ఇది తెలుసుకోవాలి.

‘పిల్లలకు బయటి తిండి పడదు, ఇంటి వంట చేసిపెట్టడంలో తృప్తి ఉంది కదా’ అని కొందరు సోదరీమణులు అనొచ్చు. నిజమే. ఇంటి తిండి వెంట తీసుకెళ్ళడం ఒక్కోసారి ఆత్మగౌరవం కూడా. అమెరికాలో జాతి వివక్ష రోజుల్లో నల్లవాళ్ళ కుటుంబాలకు దారిలో చాలా హోటళ్ళు తిండి పెట్టేవి కావు, గది ఇచ్చేవి కావు. వాళ్ళకు ఎక్కడ ఆగొచ్చో చెప్పడానికి విక్టర్ గ్రీన్ అనే ఆయన 1936లో ‘గ్రీన్ బుక్’ అనే గైడు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ తల్లులు కట్టుకెళ్ళిన అన్నం మూటల్లో ప్రేమతోబాటు, పిల్లలకు అవమానం తగలకూడదన్న జాగ్రత్త కూడా ఉంది. కాబట్టి వంటను చిన్నచూపు చూడమని ఎవరూ అనడం లేదు. అది అంత విలువైనదైతే ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సిందే కదా అంటున్నాం. తృప్తి ఒక్కరికే మిగిల్చి మిగతావాళ్ళు వినోదం పంచుకోవడం న్యాయం కాదు.

మనకు అమెరికా ట్రైలర్లెందుకు అనకండి. కేరళ ప్రభుత్వం 2021లోనే క్యారవాన్ టూరిజం విధానం ప్రకటించింది. అది రాకముందు నుంచే మనకు వంటిల్లున్న గెస్టుహౌసులు ఉన్నాయి. అరకులోనో ఊటీలోనో ‘కిచెన్ ఉందిట, డబ్బు కలిసొస్తుంది’ అని సంబరపడి గది తీసుకుంటాం. కలిసొచ్చే ఆ డబ్బు ఎవరి సెలవులోంచి కోసి ఇచ్చిందో లెక్క వెయ్యం. రోజుకో పూటైనా బయట తినడానికి బడ్జెట్‌లో పెట్రోలుతోపాటు డబ్బు తీసిపెట్టండి. ప్రయాణంలో ఒక రోజు పూర్తిగా అమ్మకు సెలవని ముందే చెప్పండి. సూట్‌కేసు సర్దడం, తిరిగొచ్చాక బట్టలు ఉతికి ఆరెయ్యడం కూడా ప్రయాణంలో భాగమేనని, అవి కూడా పంచుకునే పనులేనని పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు నేర్పండి. రేపు వాళ్ళ ఇంటికి వచ్చే అమ్మాయి మీకు మనసులోనే దండం పెట్టుకుంటుంది.

అత్తగారో ఆడపడుచో ‘వెళ్ళింది తిరగడానికా, కూర్చోడానికా?’ అంటే, ‘రెండింటికీనండీ’ అని నవ్వుతూనే చెప్పండి. కోపాలక్కర్లేదు. ఓ కాగితం, ఓ పెన్సిలు చాలు. టిక్కెట్లు కొనే ముందే నలుగురూ కూర్చుని పనులు రాసుకోండి. ఆ కాగితంలో అమ్మ పేరు ఉండొచ్చు. అన్ని గళ్ళలోనూ అదొక్కటే ఉండకపోతే చాలు.