ఊరికే వచ్చిన టోకెన్‌ను కొనేదెవరు?

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలన్నీ ఒకే వారం పట్టుబడికి వస్తే వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర ఏమవుతుందో నెల్లూరు తీరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రచారం కోసం పంచే క్రిప్టో టోకెన్ల సంగతి ఇంకా అన్యాయం. రొయ్యకు మేత, కరెంటు, పిల్ల ఖర్చులున్నాయి కనుక ఇంతకంటే తగ్గితే గిట్టదని రైతు చెప్పగలడు. ఊరికే వచ్చిన టోకెన్‌ను ఎంతకు వదిలించుకున్నా లాభమే. 2024లో మన కుర్రాళ్లు టెలిగ్రామ్‌లో వేళ్లు అరిగేలా నొక్కిన హామ్‌స్టర్ కాంబాట్ ఆటనే చూడండి. మొత్తం టోకెన్లు 10 వేల కోట్లు. వాటిలో ఆటగాళ్ల వాటాను సెప్టెంబర్ 26న పంచారు. అందినవాళ్లు అందినట్టే అమ్మకానికి ఎగబడ్డారు, కొన్ని వారాల్లోనే ధర సగానికి పైగా పోయింది. నొక్కినవాళ్లకు కావలసింది రూపాయలు. టోకెన్ కావాలనుకున్నవాడు మాత్రం ఎవడూ లేడు. అది పిల్లల ఆట కదా అంటారేమో, ఎథీరియం బ్లాక్‌చెయిన్ మీద నడిచే ఆర్బిట్రమ్ నెట్‌వర్క్ ఆట కాదు. అది తన టోకెన్లను 2023 మార్చిలో జనానికి పంచింది. దాదాపు ఏడాదికి, బృందానికీ పెట్టుబడిదారులకూ తాళం వేసి ఉంచిన 110 కోట్లకు పైగా టోకెన్లు ఒక్కసారిగా విడుదలయ్యాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే: తొలిరోజు సందడంతా జనానిది, పెద్ద వాటా లోపలివాళ్లది, ఆ విడుదల తేదీలను చూసి కొనేవాళ్లు ఎంతమంది? పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను; ఒక టోకెన్‌లో పోయింది ఇంకోదాని లాభంలోంచి తీసేసుకునే వీలు కూడా లేదు.